అమ్మినోని తలుగు

మొన్న మక్తల్ సంత దారిలో ఒకాయన ముసలి ఎద్దును నిలబెట్టి దాని కొమ్ములకు ఎర్రరంగు పూస్తున్నాడు. రంగు ఆరేదాకా అది తల ఊపకుండా ఒకామె పక్కన నిలబడి గంగడోలు నిమురుతున్నది. బడికి ఆలస్యమవుతున్నదని తెలిసి కూడా స్కూటీ ఆపాను. "కొమ్ములకు రంగేసిన ఎద్దును నేను కొన బిడ్డా" అని చెవి పక్కనే ఒక గొంతు పలికినట్లయింది. ఆ గొంతు మట్టి కిందికి పోయి ఒక వానకాలం దాటింది. పునరుత్థానపు ఉదయాన దాన్ని మళ్లీ వింటానని నమ్మే మనిషిని నేను. అయినా ఆ రోడ్డు మీద నాకు కండ్లనిండా నీళ్లొచ్చాయి.

ఆ మాట ఆయన ఎద్దును చూసి అన్నది కాదు. పాలమూరులో ఒక కంప్యూటర్ల దుకాణంలో, రంగురంగుల లైట్లు తిరిగే అద్దాల డబ్బాను చూసి అన్నాడు.

నేను ఆయనను పెద్దనాయిన అనేదాన్ని. రక్తసంబంధం ఏమీ లేదు. మా నాయిన వాళ్ల ఊరి క్రైస్తవ సంఘానికి కాపరి. పెద్దనాయిన ఆ సంఘంలో అందరికంటే ముందొచ్చి చాపలు పరిచే మనిషి. బతుకుదెరువు సంతలో ఎద్దుల బేరం. అమ్మేవాడికీ కొనేవాడికీ మధ్య నిలబడి, భుజం మీది తువ్వాల తీసి చేతుల మీద కప్పి, దాని కింద వేళ్లు పట్టుకొని ధర చెప్పేవాడు. చుట్టూ ఉన్నవాళ్లకు తువ్వాల కదలడం తప్ప ఏమీ తెలియదు. ఆ అలవాటు ఆయన ఒంటికి పట్టింది. ఆరాధన ముగిశాక మేమంతా చేతులు జోడించి వందనాలు చెప్పుకుంటుంటే, ఆయన మాత్రం నా చెయ్యి తీసుకొని ఒక వేలు మెల్లగా నొక్కేవాడు.

"ఏం పెద్దనాయినా, నాకు ధర కడ్తున్నవా?" అంటే, "నీ ధర కట్టేటోడు ఎన్నడో కట్టిండు బిడ్డా. సొమ్ము పదిలంగ ఉన్నదా లేదా అని చూస్తున్న, గంతే" అనేవాడు. అంత చిన్న మాటలో అంత పెద్ద సువార్తను నేను తర్వాత ఏ ప్రసంగంలోనూ వినలేదు.

మనిషిని చూస్తే ముందు కాళ్ల దిక్కు చూసేవాడు. ముఖం తర్వాత. "ముఖానికేముంది, ఎవడైన కడుక్కొని వస్తడు. నడక కడుక్కోనికి రాదు" అనేవాడు. ప్రార్థనలో కండ్లు మూసేవాడు కాదు. చిన్నప్పుడు నేను కూడా మూసేదాన్ని కాదు కాబట్టి నాకు తెలుసు. అందరూ తలలు వంచిన వేళ మా ఇద్దరి చూపులూ కలిసేవి. ఆయన కనుబొమ్మలెత్తి, మూసుకో మూసుకో అని సైగ చేసేవాడు. మా నాయిన ఒకసారి నేరుగానే అడిగాడు.

"అన్నా, ప్రార్థనల కండ్లు మూయవేంది?"

"సంతల కండ్లు మూస్తే చేతిల ఎద్దు మారిపోతది అయ్యగారూ. అలవాటైంది. అయినా దేవుడు మన దిక్కు చూస్తుంటడంటివి గద. ఆయన చూస్తుంటే మనం కండ్లు మూసుకునుడు ఏం మర్యాద?"

మా నాయిన నవ్వి ఆయన భుజం తట్టాడు.

ఆయనకు లేకలేక పుట్టిన ఒక్క కొడుకు. నాకు తమ్ముడి వరుస. సెంట్రింగ్ పనికి హైదరాబాదు పోయాడు. కట్టె విరిగి పైనుంచి పడ్డాడు. ప్రాణం దక్కింది. నడుము కింద ఏమీ దక్కలేదు. దవాఖాన నుంచి ఇంటికి తెచ్చాక గోడ దిక్కు తిరిగి పడుకున్నాడు. చూడటానికి వచ్చిన ప్రతి ఒక్కరూ గడపలో నిలబడి "అయ్యో" అనేవారు. ఆ మాట వినపడగానే దుప్పటి తల మీదికి లాక్కునేవాడు. కొన్నాళ్లకు మాటలే మానేశాడు. పెద్దమ్మ రొట్టె పెడితే తినేవాడు. పేరు పెట్టి పిలిస్తే పలికేవాడు కాదు. సంఘమంతా ఉపవాసముండి ప్రార్థించాం. ఆ ప్రార్థనల్లో ఒక్కటీ నేల రాలలేదని నేను ఇప్పటికీ నమ్ముతాను. అవి ఏ దారిన ఆ ఇంట్లోకి వచ్చాయో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నేను ఒక ప్రైవేటు బడిలో పిల్లలకు కంప్యూటర్లు చెప్తాను. అందుకే కావచ్చు, ఒకనాడు తమ్ముడి దగ్గర నుంచి నా ఫోనుకు మెసేజ్ వచ్చింది. గేములాడే కంప్యూటర్ కావాలట. తయారైంది వద్దట. భాగాలు విడివిడిగా తెస్తే తానే బిగించుకుంటాడట. "చేతులు మంచిగనే ఉన్నయి గదా అక్కా" అని రాశాడు. ఎందుకురా తమ్ముడూ అని అడిగాను. చాలాసేపటికి జవాబొచ్చింది.

"ఆడేటప్పుడు నేను కనబడ. గొంతొక్కటే వినబడ్తది. ఎవ్వరు అయ్యో అనరు."

పెద్దనాయినకు చదివి వినిపించాను. మళ్లీ చదవమన్నాడు. మూతి తుడుచుకున్నాడు.

"నోరు తెరిచిండు బిడ్డా."

"నోరు గాదు పెద్దనాయినా, ఫోన్ల రాసిండు."

"అదే నోరు ఇప్పుడు వానికి. అడిగిండు గద. అడిగేటోడు ఇంక బతుకుతడు."

ఆ వారమే తన జోడెడ్లను సంతకు తోలాడు. ఊళ్లో ట్రాక్టర్లు వచ్చినా ఆ జోడిని వదలని మనిషి. అందరి ఎడ్లకు బేరం కుదిర్చినవాడు, తన ఎడ్ల బేరానికి ఇంకొకడిని మధ్యలో పెట్టి తాను దూరం జరిగి నిలబడ్డాడట. బేరం తెగాక మాత్రం దగ్గరికి వచ్చి వాటి మెడల్లోని తలుగులు తన చేత్తోనే విప్పాడు. తలుగంటే ఎద్దును కట్టేసే తాడు. మా దగ్గర ఎద్దును అమ్మితే ఎద్దే పోతుంది. తలుగు అమ్మినవాడి ఇంట్లోనే ఉండాలి. కొన్నవాడు తన తాడు తాను తెచ్చుకోవాలి. తలుగు కూడా పోతే కొట్టంలోకి మళ్లీ పశువు రాదని నమ్మకం. ఆ రెండు తలుగులూ భుజాన వేసుకొని పెద్దనాయిన ఇంటికొచ్చి గోడకున్న మేకుకు తగిలించాడు.

ఆదివారం కూడికలో ఒక సంఘపెద్ద అడ్డం తగిలాడు.

"మేమంత ఉపాసముండి మోకరిస్తుంటే, నువ్వు ఎడ్లమ్మి ఆటల డబ్బా తెస్తవా? ప్రార్థన మీద నమ్మకం పోయిందా?"

 పెద్దనాయిన తాపీగా తువ్వాలను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

"మీ ప్రార్థన ఆపమన్ననా అన్నా? ప్రార్థన ఒక ఎద్దు. ఇది ఇంకో ఎద్దు. ఒంటెద్దుతోని ఎవడన్న దున్నుతడా? మీ ఎద్దును మీరు తోలుండ్రి, నా ఎద్దును నేను తెస్త. కాడి కట్టేటోడు పైనున్నడు."

పాలమూరు బస్సులో కిటికీ పక్కన కూర్చొని దారంతా అడుగుతూనే ఉన్నాడు.

"గీ మిషన్ల దున్నేటివి ఎన్ని బిడ్డా?"

"రెండు పెద్దనాయినా. లెక్కలు చేసేది ప్రాసెసర్. బొమ్మలు గీసేది గ్రాఫిక్స్ కార్డు."

"అంటే జోడి."

"ఆ, జోడే."

"కోడెకు ముసలిదాన్ని జోడి కట్టొద్దు. కోడె ఉరుకుతనంటది, ముసలిది ఆగుతనంటది. కోడె బలమంత ఉత్తదే. రెండు ఒక్క తీరు నడిచేటివి దొరకాలె."

తమ్ముడు కూడా ఫోనులో ఇదే రాశాడు. ఒకటి ఖరీదైనది కొని రెండోదాన్ని చిన్నచూపు చూడొద్దని. వెనక సీటులో కూర్చున్న ఒకామె ఉండబట్టలేక ముందుకు వంగింది.

"ఏ సంతకు పోతున్రు పెద్దయ్యా, ఎడ్లకా?"

"లెక్కలు చేసే ఎడ్లకమ్మా."

"అట్లాంటియి గూడ వచ్చినయా!" అని ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. మేమిద్దరం పాలమూరు వచ్చేదాకా నవ్వు ఆపుకోలేకపోయాం.

దుకాణం బస్టాండు వెనక గల్లీలో, మేడ మీద ఉంది. దుకాణదారు గడ్డం పెంచుకున్న పడుచువాడు. మేం భాయ్ అన్నాం, ఆయన చాచా అన్నాడు. మొదట ఆ అద్దాల డబ్బా చూపించాడు. స్విచ్చు వేయగానే లోపల ఎరుపు, నీలం, ఆకుపచ్చ లైట్లు తిరిగాయి. నేను కూడా నోరు తెరిచి చూశాను. అప్పుడే పెద్దనాయిన కొమ్ముల మాట అన్నాడు.

"ఆ లైట్లు ఆర్పితే ఆట ఆగుతదా భాయ్?"

"ఆగదు చాచా. షోకు కోసం."

"అయితే ఆర్పేది చూపియ్యి."

మూలన ఒక నల్ల రేకుడబ్బా ఉంది. ఒక పక్క సొట్ట. దాని మీద తట్టి, సొట్ట పని చేసేచోట తగులుతుందా అని అడిగి, తగలదంటే అదే పక్కన పెట్టించాడు. ప్రాసెసర్ కొత్తదే దొరికింది, కాకపోతే వెనుకటి రకం. ర్యామ్ ఒక్కటే పెద్దది తీసుకోమన్నాడు భాయ్. తమ్ముడు చిన్నవి రెండు రాశాడు. జోడి అనే సరికి పెద్దనాయిన తమ్ముడి దిక్కే మొగ్గాడు. చిక్కంతా గ్రాఫిక్స్ కార్డు దగ్గర వచ్చింది. కొత్తదానికి మా ఎడ్లు సరిపోవు. వాడినవి మూడు బల్ల మీద పెట్టాడు భాయ్. ఒకదానికి ఒకటే ఫ్యాను.

"ఒంటికన్నుది వద్దు."

"చాచా, ఒక ఫ్యానైనా మంచిగనే పని చేస్తది."

"చేస్తదేమో. పొద్దుగాల లేచి దాని ముఖం చూసేది నా కొడుకు."

మిగిలిన రెండింటిలో ఒకటి తళతళ మెరుస్తున్నది, ఇంకొకటి దుమ్ముపట్టి ఉంది. నా చెయ్యి మెరిసేదాని మీదికి పోయింది. పెద్దనాయిన భాయ్ ముఖంలోకి చూశాడు.

"ఇవి ఎవలింట్ల ఉండె?"

భాయ్ కొంచెం తటపటాయించి నిజమే చెప్పాడు. "దుమ్ముది ఒక కాలేజీ పోరనిది చాచా, గేములాడి అమ్మిండు. ఈ మెరిసేది మైనింగ్ చేసిన్రు. కంప్యూటర్ల పైసలు పుట్టిస్తమని రాత్రింబగళ్లు ఆపకుంట నడిపించిన్రు. కడిగిపెట్టిన."

"మెడ పుండై ఉంటది పాపం" అని పెద్దనాయిన ఆ మెరిసేదాన్ని జాలిగా నిమిరి వెనక్కి జరిపాడు. తర్వాత దుమ్ముదాన్ని నడిపించి చూపమన్నాడు. సంతలో ఎద్దును నడిపించకుండా ఎవరూ కొనరు. భాయ్ అన్నిటినీ బల్ల మీదనే కలిపి ఒక ఆట పెట్టాడు. తెర మీద కార్లు దూసుకుపోతున్నాయి. పెద్దనాయిన తెర దిక్కే చూడలేదు. జ్వరమొచ్చిన ఎద్దు చెవి పట్టుకున్నట్లు కార్డు వెనక చెయ్యి పెట్టి, ఫ్యాను చప్పుడుకు చెవి ఒగ్గి నిలబడ్డాడు.

"ఒగరుస్తలేదు. ఇది పట్టుకపోదం."

పవర్ సప్లై దగ్గర కొంత మిగుల్చుకుందామని నేనే అన్నాను. అదేమి చేస్తుందని అడిగాడు. కరెంటు అందిస్తుందన్నాను. "అంటే మేత. మేతకాడ పీనాసితనం చేసినోని ఎద్దు దుక్కిల కూలబడ్తది బిడ్డా" అన్నాడు. వాడినదే అయినా గట్టిది తీసుకున్నాం. ఆ భారం మానిటర్ మీద పడి అది చిన్నదైపోయింది.

బేరం మాత్రం ఆయన పద్ధతిలోనే జరిగింది. తువ్వాల తీసి భాయ్ చేతి మీద కప్పి వేళ్లు పట్టుకున్నాడు. భాయ్ మెలికలు తిరిగిపోయాడు.

"అరే చాచా, చక్కిలిగిలైతున్నది! నోటితోని చెప్పు!"

"నోటితోని చెప్తే గాలికి పోతది. వేలు పట్టుకో."

పట్టుకున్నాడు పాపం. ఏ వేలంటే ఎంతో ఆయనకేం తెలుసు. నా చిన్నప్పుడు పెద్దనాయిన నేర్పిన లెక్కే, నేను పక్కన నిలబడి అర్థం చెప్పాను. ఇద్దరూ నవ్వుతూనే ఒప్పుకున్నారు. నేను ఆటో పిలవడానికి కిందికి దిగాను.

ఆటోలో డబ్బాలన్నీ ఒళ్లో పెట్టుకొని పెద్దనాయిన తృప్తిగా అన్నాడు. "పిలగాడు మంచోడు. తాళ్లు గూడ ఇయ్యబోయిండు. నీ తాళ్లు నువ్వే పెట్టుకో నాయినా అని చేతిల పెట్టి వచ్చిన."

డబ్బాలు కట్టే సుతిలి తాడు కావచ్చు అనుకున్నాను.

తమ్ముడి మంచం మీద దుప్పటి పరిచి అన్నీ వరుసగా పెట్టాం. గోడ దిక్కు నుంచి ఇటు తిరిగి, దిండుకు ఆనుకొని కూర్చున్నాడు. మాట లేదు. కాని చేతులు కదులుతున్నాయి. మదర్‌బోర్డు మీద ప్రాసెసర్ పెట్టాడు, ర్యామ్ జోడి నొక్కాడు, కార్డు దుమ్ము ఊది బిగించాడు. అంత మెల్లగా, అంత శ్రద్ధగా పని చేసే చేతులను చూస్తూ నేను లోలోపల స్తోత్రం చెప్పుకుంటున్నాను. పెద్దనాయిన గడపలో గొంతుక్కూర్చొని కండ్లార్పకుండా చూస్తున్నాడు. అంతలో తమ్ముడు ఆగిపోయాడు. డబ్బాలన్నీ తలకిందులు చేశాడు. దుప్పటి దులిపాడు. ఇన్ని నెలల తర్వాత ఆ ఇంట్లో మొదటి మాట వినపడింది.

"నాయినా, వైర్లేవి?"

"ఏం వైర్లురా?"

"నల్లటియి. సంచిల ఉంటయి. దీనికి, దానికి కలిపేటియి."

పెద్దనాయిన ముఖం వెలిగింది. "ఓ, తాళ్లా? వానికే ఇచ్చిన గదరా. అమ్మినోని తలుగు మనమెట్ల తెస్తం? మన ఇంట్ల రెండున్నయి గద!" అని గోడ మేకు దిక్కు చూపించాడు.

 తమ్ముడు మేకుకు వేలాడుతున్న తలుగులను చూశాడు. మంచం మీది మిషనును చూశాడు. నాకు భయమేసింది. మళ్లీ గోడ దిక్కు తిరుగుతాడు, ఇక ఇటు తిరగడు అనుకున్నాను. తమ్ముడి భుజాలు ఊగడం మొదలైంది. గొంతులోంచి వింత చప్పుడొచ్చింది. జొన్నపిండి చేతులతో పెద్దమ్మ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది.

"ఏమైందిరా? ఎందుకేడుస్తున్నవురా?"

ఏడుపు కాదు. నవ్వు. అరచేత్తో మంచాన్ని కొడుతూ, ఊపిరందక, "ఎద్దు తలుగుతోని... కంప్యూటర్... నాయినా!" అంటూ నవ్వుతున్నాడు. పెద్దమ్మకు ఏమీ అర్థం కాకపోయినా ఆమె కూడా నవ్వింది, పిండి చేతులతోనే కండ్లు తుడుచుకున్నది.

నేను గడప దిక్కు చూశాను. పెద్దనాయినకు తన పొరపాటు అప్పటికి తెలిసినట్లుంది. సిగ్గుతో తల వంచాడు. పెదవులు కదులుతున్నాయి. కండ్లు గట్టిగా మూసి ఉన్నాయి. ఆ మనిషి కండ్లు మూసి ప్రార్థన చేయడం నేను చూసింది అదొక్కసారే.

తమ్ముడు ఫోనందుకొని దుకాణానికి తానే చేశాడు. "భాయ్, మా నాయిన నీ తాళ్లు నీకే అప్పజెప్పిండట గద" అన్నాడు. అవతల కూడా నవ్వే. మరునాడు మక్తల్ బస్సు డ్రైవరు చేతికిచ్చి సంచి పంపించాడు భాయ్. మిషను ఆ పొద్దు నడిచింది. కాని నా లెక్కలో అది కరెంటు తగలకముందే పని చేసింది.

తలుగులు మేకు మీద ఎక్కువ రోజులు లేవు. పెద్దనాయిన రెండింటినీ కలిపి పేని, మంచం మీదికి వేలాడేలా దూలానికి కట్టాడు. తమ్ముడు దాన్ని పట్టుకొని లేచి చక్రాల కుర్చీలోకి జరిగేవాడు. సాయంత్రమైతే తెర ముందు కూర్చొని కేకలు పెట్టేవాడు. పెద్దనాయిన గడపలో కూర్చొని వినేవాడు.

"ఎవలను కొడ్తుండు బిడ్డా?"

"ఉత్తగనే పెద్దనాయినా, ఆటల."

"కొట్టనీ. అవతలోని కోసం గూడ జర ప్రార్థన చెయ్యి."

అడ్డం తగిలిన సంఘపెద్ద కూడా క్రిస్మస్ కేకు తీసుకొని వచ్చి, అందులో ట్రాక్టర్ ఆట ఉంటదట గదా అని మెల్లగా అడిగి, పొద్దుగూకేదాకా లేవలేదు.

పెద్దనాయినకు ఊపిరితిత్తులు పాడయ్యాయి. చివరిసారి నేను పోయినప్పుడు దుప్పటి కింద నుంచి చెయ్యి వచ్చి నా వేలు పట్టుకుంది. మాట కష్టంగా వచ్చింది. "ఫికర్ వద్దు బిడ్డా. కొన్నోడు వచ్చి తోలుకపోతుండు. తలుగు ఇంట్లనే ఉంటది గద."

సమాధి చేసి వచ్చిన సాయంత్రం ఇంటి నిండా మనుషులున్నారు. తమ్ముడు తలుగు పట్టుకొని లేచి కుర్చీలోకి జరిగాడు. మిషను వేశాడు. ఆట కోసం కాదేమో, హెడ్‌ఫోన్ మెడలోనే ఉంచుకున్నాడు. అందులోంచి గొంతులు బయటికి వినపడుతున్నాయి. "ఏడ పోయినవన్నా? నువ్వు లేక ఓడిపోతున్నం."

"మా నాయిన పోయిండు."

 ఒక గొంతు "అయ్యో" అంది. ఇంకొకటి, ఎక్కడివాడో, "అయ్యో అన్నా" అంది. నేను ఉలిక్కిపడి తమ్ముడి చేతుల దిక్కు చూశాను, దుప్పటి కోసం వెతుకుతాయేమోనని. ఒక చెయ్యి ఇంకా తలుగు మీదే ఉంది.

"ఎడ్ల బేరం చేస్తుండె మా నాయిన" అన్నాడు తమ్ముడు.  "ఈ మిషను కొననీకి పోయి ఒకపారి ఏం జేసిండో చెప్పాల్నా?"

చెప్పన్నా అన్నారు వాళ్లు.

గడపలో, పెద్దనాయిన కూర్చునే చోట కూర్చొని నేను ప్రార్థన చేసుకున్నాను. కండ్లు మూయలేదు.